అయిదున్నర అంగుళాల ‘మీ ఇష్టం’

2017లో నోయిడాలో ఒక చమురు కంపెనీ ఆఫీసులో బావుల డిజైన్ చూసేదాన్ని. బావులేమో గోదావరి జిల్లాల్లో, వాటి కొలతలు తేల్చే కుర్చీ ఇక్కడ. ఢిల్లీలో మేముండే మునిర్కా నుంచి రానూపోనూ మూడు గంటలు. ఫైలు తెరిచేసరికే సగం ఓపిక అయిపోయేది.

ఆ ఏడు ఒక బావికి కేసింగ్ సైజు తేల్చాలి. కేసింగ్ అంటే తవ్విన బావి గోడలు కూలకుండా లోపల దించి సిమెంటుతో బిగించే ఉక్కు గొట్టం. ఏడంగుళాలదా, అయిదున్నరదా? సన్నదైతే తవ్వకం, ఉక్కు, సిమెంటు అన్నిట్లోనూ ఖర్చు తగ్గుతుంది. కొత్తలో చమురు తనంతట తానే పొంగి వస్తుంది కాబట్టి తేడా తెలియదు. ఒత్తిడి తగ్గాక పంపు దించాలి. వెడల్పు అవసరమయ్యేది అప్పుడే.

ఫీల్డులో ఉత్పత్తి చూసే సుబ్బారావు గారికి ఫోన్ చేశాను. నాకంటే చాలా సీనియర్, అమలాపురం మనిషి.

“ఈ పొరలో ఇసుకొస్తుందండి మేడమ్. ముసలైన బావికి వైద్యం ఎక్కువ. ఏడంగుళాలైతే చెయ్యి పెట్టడానికి సందుంటుంది.”

“ఖర్చుకి పైన ఒప్పుకోవట్లేదండీ. ఇప్పటికి అయిదున్నర సరిపోతుంది కదా?”

“సర్లెండి. మీ ఇష్టం,” అన్నారు.

ఫీల్డుకు అభ్యంతరం లేదని ఫైల్లో ఇంగ్లీషులో రాశాను. మా బాస్ “ఠీక్ హై” అని సంతకం పెట్టేశారు.

అయిదేళ్లకు ఒత్తిడి పడిపోయింది. ఆ సన్న గొట్టంలో పట్టే చిన్న పంపు దించారు. ఇసుక చేరి అది ఇరుక్కుపోయింది. ఇరుక్కున్నదాన్ని పట్టి లాగడాన్ని మేం ఫిషింగ్ అంటాం. పట్టే పనిముట్టు పంపు చుట్టూ దిగేంత సందు లేదు. నెలన్నర అవస్థపడి బావి మూసేశారు. బాధ్యుడెవరని వెతికితే పంపు దించిన సుబ్బారావు గారే దొరికారు. ఇంకో నాలుగు నెలల్లో రిటైరయ్యే ఆయన్ని సంజాయిషీకి నోయిడా పిలిపించారు. ఇన్నేళ్ల సర్వీసుకి చివర్లో మచ్చ పడేలా ఉంది.

మీటింగులో బాస్ ఫైల్లో నేను రాసిన నోట్‌నే పైకి చదివారు. “దేఖియే, సైజుకి మీరూ ఒప్పుకున్నారు. పంపు నడపడం మీ పని.”

సుబ్బారావు గారు తల దించుకుని కూర్చున్నారు. నా వైపు చూడలేదు కూడా.

మా ఇంట్లో అమ్మ “నీ ఇష్టం” అందంటే వద్దని అర్థం. చిన్నప్పట్నుంచీ తెలుసు. అయినా ఆ రోజు నాకు కావలసిన అర్థమే రాసుకున్నాను. చచ్చేంత సిగ్గేసింది.

“సర్, ఆయన ఒప్పుకోలేదు. ఏడంగుళాలే అడిగారు. అభ్యంతరం లేదని రాసింది నేను,” అన్నాను.

బాస్ కళ్లజోడు తీసి “అచ్ఛా” అన్నారు, అంతే. సంజాయిషీ నా పేరు మీదికి మారింది, ఆ ఏడు రావలసిన ప్రమోషన్ ఆగింది. సుబ్బారావు గారి రికార్డు శుభ్రంగా మిగిలింది. బావి మాత్రం మళ్లీ తెరవలేదు. బిగించిన గొట్టం వెడల్పు చేయడం ఎవరి వల్లా కాదు.

ఆయన్ని ఎయిర్‌పోర్టులో దించడానికి వెళుతుంటే ధౌలా కువాన్ దగ్గర ట్రాఫిక్‌లో చిక్కుకున్నాం. “అప్పుడే గట్టిగా వద్దనాల్సింది కదండీ,” అన్నాను, తప్పులో కాస్త ఆయనకీ పంచుదామని.

“ఇంకోళ్లయితే వద్దని ఇంగ్లీషులో రాసి పంపేవాణ్ణండి. మీరు తెలుగువాళ్లు కదా మేడమ్, అర్థమవుద్దనుకున్నాను.”

ఇప్పుడు ఎవరైనా “మీ ఇష్టం” అంటే పెన్ను కింద పెట్టేస్తాను. “నా ఇష్టం సరే, మీ ఇష్టం చెప్పండి,” అని అడుగుతాను.