రెండు గేట్ల మధ్య ఆట

1978, తమిళుల ఆడి నెల, కృత్తిక పండగకు ముందు వచ్చే భరణి రోజు, పొద్దున తొమ్మిదిన్నర. అప్పుడు నేను తిరుత్తణికి కాస్త ఇవతల ఉన్న ఒక రైల్వే గేటులో గేటుమాన్‌ని. నా మొత్తం సర్వీసులో నాకు వచ్చిన చార్జిషీటు ఒక్కటే. అది ఆ పూట గురించి. నేరం, డ్యూటీలో ఉండగా డాన్స్ ఆడడం. తాగినవాళ్ళకు, నిద్రపోయినవాళ్ళకు, చెప్పకుండా ఊరికి పోయినవాళ్ళకు రైల్వేవాళ్ళు చార్జిషీట్లు ఇవ్వడం చూశాను. డాన్స్‌కి ఇవ్వడం మాత్రం నా ఒక్కడి విషయంలోనే చూశాను.

నేను మొదట కడంబత్తూరులో గ్యాంగ్‌మన్‌గా చేరాను. పట్టాలూ వాటి కింది స్లీపర్లూ కదలకుండా చూసి, కంకర గుచ్చి బిగించే పని. ఒకసారి పట్టా జారి ఎడమ మోకాలి మీద పడింది. ఇతను గ్యాంగు పనికి పనికిరాడు, తేలికపని ఇవ్వండని రైల్వే డాక్టరు రాశాడు. గేటుమాన్ అయితే రిజిస్టరు రాయాలి. అందుకని ముప్పై దాటాక నా భార్య కాంతమ్మ దగ్గర అక్షరాలు దిద్దాను. బళ్ళో అయ్యవారు పిల్లల్ని తిట్టే తిట్లన్నీ నేను ఇంట్లో తిన్నాను. ఉద్యోగమూ, తల దాచుకునే క్వార్టర్సూ రెండూ ఆ గేటుతోనే ముడిపడి ఉన్నాయి. గేటు పోతే రెండూ పోతాయి.

గేటు పని గురించి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. బండి వస్తోందని స్టేషన్ మాస్టరు ఫోన్ చేస్తాడు. మేం రోడ్డుకు రెండు వైపులా గేట్లు వేసి, తాళాలు పెట్టి, మా దగ్గరున్న పట్టీలోంచి ఒక అంకె చదివి ఫోన్‌లో చెబుతాం. దాన్ని ప్రైవేట్ నంబరు అంటారు. ఆ అంకె చెప్పామంటే గేటు మూసినట్టు ప్రమాణం చేసినట్టే. ఆ తర్వాతే బండికి సిగ్నల్ పడుతుంది. ఇక బండి దాటేవరకూ గేటు తెరిచే హక్కు గేటుమాన్‌కి లేదు, మంత్రి వచ్చి హారన్ కొట్టినా సరే. అయితే గేటు పక్కన నడిచేవాళ్ళ కోసం రెండు కొయ్యల మధ్య ఒక సన్న దారి ఉంటుంది. దానికి తాళం లేదు. ఎద్దుకు బుద్ధి లేదు కాబట్టి గేటు, మనిషికి ఉంది కాబట్టి దారి. రైల్వేవాళ్ళ లెక్క అది.

ఆ రోజు నేను గేట్లు వేసి నంబరు చెప్పాను. రేణిగుంట వైపు నుంచి గూడ్సు బయలుదేరింది. సరిగ్గా అప్పుడు, తిరుత్తణి కొండ మీది నెమలి వాహనపు సామికి మొక్కు తీర్చుకోబోతున్న అత్తిమంజేరిపేట నేతవాళ్ళ కావడి గుంపు, పంబై అనే జోడు డోళ్ళు వాయించుకుంటూ వచ్చింది. ఇటు వైపు సన్నదారి కొయ్యను అంతకు ముందే ఎద్దుబండి గుద్ది వంచేసింది. అందువల్ల కావళ్ళన్నీ సులువుగా లోపలికి వచ్చేశాయి. అటు వైపు కొయ్యలు మాత్రం నిటారుగా, దిట్టంగా ఉన్నాయి. ముందు నడుస్తున్నది దీనదయాళు. గుడ్డల వ్యాపారి, మనిషీ పెద్దే, కావడీ పెద్దదే. రెండు చివరలా పాలచెంబులు కట్టిన కావడి. అది ఆ కొయ్యల మధ్య ఇరుక్కుంది.

కొండ చేరేవరకు కావడి నేల మీద దించకూడదు. వంచితే పాలు ఒలికిపోతాయి. పంబై మోగుతున్నంతసేపూ కావడి ఎత్తినవాళ్ళు కదలకుండా నిలబడకూడదు. కాబట్టి దీనదయాళు ఇరుక్కున్నచోటే ఎగురుతున్నాడు, వెనకున్నవాళ్ళందరూ పట్టాల మీద ఆడుతున్నారు. బండ్లూ ఎద్దులూ లేకుండా రెండు గేట్ల మధ్య శుభ్రమైన చోటు దొరికింది వాళ్ళకు.

గుంపుకు పెద్ద, గురుసామి మునుసామి దగ్గరికి పోయి బండి వస్తోంది, అందరినీ ఎనక్కి పిలవమన్నాను.

"సామి మీద ఉండేటప్పుడు పిలిచేదానికి నేనెవుర్ని గేటన్నా? నువ్వే చెప్పుకోపో," అన్నాడు.

పంబై వాయించే ఏళుమలైని ఆపమన్నాను. వాడు వాయిస్తూనే అన్నాడు: "ఆపితే దీనదయాళన్న ఈడనే పడిపోతాడు. పాలన్నీ నేల పాలు. ఆ పాపం నీకా నాకా?"

ఒక్కొక్కరి దగ్గరికీ పోయి "ఎనక్కి పోండి, ఎనక్కి పోండి" అని అరిచాను. ఒక ముసలామె నా నుదుటికి విభూతి పూసి పక్కకు తప్పుకుంది.

రూలు ప్రకారం అలాంటప్పుడు గేటుమాన్ ఎర్రజెండా పట్టుకుని బండికి ఎదురు పరిగెత్తాలి. చక్రం ఎక్కితే టపాకాయలా పేలే డిటొనేటర్లను పట్టాల మీద పెట్టాలి. నా మోకాలితో పరిగెత్తేది కల్ల. దూరంలో ఇంజను కూత వినిపించింది. క్వార్టర్స్ గడపలో నిలబడి కాంతమ్మ అరిచింది: "నీ మాట నేనే ఇనను, వాళ్ళు యాడ ఇంటారయ్యా? ఏందో ఒకటి చెయ్యి!"

చేశాను. టోపీ తీసి పారేశాను. కుడిచేతిలో ఎర్రజెండా, ఎడమచేతిలో పచ్చజెండా ఉన్నాయి. రెండూ గిరగిరా తిప్పుతూ గుంపు మధ్యలోకి దూకాను. నాకు సామి రాలేదు. రైలు వస్తోంది, అంతే.

"రేయ్! నా నెమలి వస్తా ఉండాది! దోవ ఇడవండ్రా!" అని కేక పెట్టాను.

పంబై జోరు పెరిగింది. మునుసామి రెండు చేతులూ జోడించి, "సామీ, యాడికి పోవాల సామీ?" అన్నాడు.

"ఎనక్కి! వచ్చిన దోవనే పోండి!"

కాస్త ముందు ఇదే మాట గేటుమాన్‌గా చెబితే విభూతి పూశారు. ఇప్పుడు అందరూ ఒక్కసారిగా తిరిగారు. నేను ఎగురుతూ వెనక్కి నడిచాను, ఏళుమలై నా వెంట, అతని వెంట కావళ్ళు. నలుగురు పట్టి దీనదయాళును వెనక్కి లాగితే కావడి చుక్క పాలు ఒలకకుండా ఊడి వచ్చింది. అందరూ వచ్చిన వైపే గేటు బయటికి చేరారు. అంతలో గూడ్సు గేటు దగ్గరికి వచ్చి, ఆవిరి కక్కుతూ, కీచుమని ఆగింది.

"నెమలి నిలబడె! అరోహరా!" అన్నాడొకడు. ఇంజనుకు కర్పూరం వెలిగించారు. డ్రైవరు తల బయట పెట్టి తిట్టిన తిట్లు పంబై మోతలో ఎవరికీ వినపడలేదు.

ఇక పచ్చజెండా చూపి బండిని పంపాలి. పంపనిస్తేగా! మునుసామి నా కాళ్ళు పట్టుకున్నాడు. "సామీ, నూలు ధర ఎప్పుడు దిగుతాది?"

"ముందు నా కాళ్ళు ఇడువు. దిగుతాది."

వదిలాడు. పచ్చజెండా చూపాను. వ్యాగన్ల మీద పూలు చల్లి గూడ్సును సాగనంపారు. గేట్లు తీస్తే కావళ్ళు రోడ్డు మీదుగానే హాయిగా పోయాయి. కాంతమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, "సామి పోయినాడా, ఇంకా ఉండాడా? ఉంటే సోరు అడుగుతాడేమో, ఒక్కడికే వండినా," అంది.

డ్రైవరు రిపోర్టు ఇచ్చాడు. గేటుమాన్ ఎర్రజెండా, పచ్చజెండా రెండూ పట్టుకుని డాన్స్ ఆడుతున్నాడు, ఆగాలో పోవాలో తెలియక ఆగానని రాశాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

విచారణకు ఇద్దరు కూర్చున్నారు. ఒకరు పట్టాలూ గేట్లూ చూసుకునే మా ఇన్‌స్పెక్టరు. ఇంకొకరు బళ్ళ రాకపోకలు చూసే ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు. మొదట డాన్స్ అంటే ఏమిటని తేల్చాలనుకున్నారు. డ్రైవరు ఆల్బర్ట్, రైల్వే క్లబ్బులో క్రిస్మస్‌కి తాను భార్య నడుం పట్టుకుని వేసేదే డాన్స్ అనీ, గేటు దగ్గర చూసినదానికి ఇంగ్లీషులో వేరే మాట లేక అదే రాశాననీ చెప్పాడు. సాక్ష్యానికి వచ్చిన మునుసామి, ఆడింది సామి, మనిషి ఊరికే మోస్తాడన్నాడు. మా గ్యాంగులో అయితే బిగువు తప్పి కదిలే స్లీపరును ఆడుతోందంటాం, ఆడితే కంకర గుచ్చుతామని నేను చెప్పాను. ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుకు విసుగొచ్చింది. చిన్నప్పుడు తన తండ్రి "ఆట్టం పోడాదే", అంటే ఆటలు కట్టిపెట్టు, అని బెత్తం తీసేవాడనీ, తనకు తెలిసిన ఆట అదొక్కటేననీ అన్నాడు.

తర్వాత అసలు ప్రశ్న వేశాడు. నీకు సామి వచ్చినాడా, లేదా?

అప్పుడు తెలిసింది నాకు ఎక్కడ ఇరుక్కున్నానో. వచ్చాడంటే, డ్యూటీలో ఒళ్ళు తెలియకుండా పోయే మనిషి గేటుకు పనికిరాడు. రాలేదంటే, కుంటి మోకాలితో అట్లా ఎట్లా ఎగిరావు, మోకాలు బాగుంటే మళ్ళీ గ్యాంగుకు పో అంటారు. ఎటు చెప్పినా గేటూ ఇల్లూ పోతాయి. మునుసామి నన్ను కాపాడాలని, "వచ్చినాడు దొరా, నూలు ధర కూడా చెప్పినాడు!" అని గట్టిగా సాక్ష్యం పలుకుతున్నాడు.

నేను పంచె పైకి తీసి మోకాలు చూపించాను. అప్పటికీ గుమ్మడికాయంత వాచే ఉంది. "సామి రాలేదు సార్. వచ్చుంటే ఇట్లా వాస్తాదా?" అన్నాను.

"సామి దిగి పోయినాక నొప్పి మనిషిదే గదా," అన్నాడు మునుసామి, ఏమాత్రం తగ్గకుండా.

మా ఇన్‌స్పెక్టరు అతన్ని బయట కూర్చోమన్నాడు. రూలు పుస్తకం తెరిచి, ప్రమాదం ఉన్నప్పుడు ఎర్రజెండాను అటూ ఇటూ జోరుగా ఊపాలని చదివాడు. ఇతను ఊపినాడు, బండి ఆగింది, పట్టాల మీద మనుషులు బతికినారు. కాళ్ళ గురించి ఈ పుస్తకంలో ఏమీ లేదన్నాడు. పచ్చజెండా సంగతేమిటని ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు పట్టుకున్నాడు. చివరికి హెచ్చరికతో వదిలారు. ఇక మీదట ప్రమాద సంకేతం చూపేటప్పుడు ఒక్క జెండానే వాడవలెను, పాదములు కదలరాదు అని అందులో రాశారు. చదివి సంతకం పెట్టాను.

ఆ తర్వాత అటు వైపు దారి కొయ్యలు దూరం జరిపి, ఆడి కృత్తిక పూట రెండో మనిషిని వేశారు. నేను నేర్చుకున్నది రెండు ముక్కలు. దారి వేసేవాడు లోపలికి రావడం గురించే కాదు, బయటికి పోవడం గురించీ ఆలోచించాలి. మనుషులు మాట వినాలంటే ఆ మాట చెప్పేది ఎవరో వాళ్ళకు ముఖ్యం, మాట కాదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: గురుసామి మునుసామి, దీనదయాళు, పంబై ఏళుమలై, నాకు విభూతి పూసిన రాజమ్మవ్వ, దీనదయాళును వెనక్కి లాగిన వేలు, శీనయ్య, మురుగేశు, చిన్నబ్బ, డ్రైవరు ఆల్బర్ట్, ఫైర్‌మన్ ఖాదర్, వెనక పెట్టెలో కూర్చుని ఏమీ చూడని గార్డు రంగనాథం, నా భార్య కాంతమ్మ, నేను.