అర్థంతో సహా చదివిన ఫ్రెంచి పాఠం

జరగని పనుల గురించి మాట్లాడుకోవడానికి ఫ్రెంచివాళ్ళు ఒక కాలాన్ని ప్రత్యేకంగా పెట్టుకున్నారు. దాన్ని నేర్చుకోబోయి నేను ప్రొద్దుటూరులో జరగాల్సినదానికంటే ఎక్కువే జరిపించాను.

అప్పుడు నేను జమ్మలమడుగు తాలూకా కచేరీలో గుమాస్తాను. ఆంధ్ర రాష్ట్రం కాస్తా ఆంధ్రప్రదేశ్ అయిన కొత్త. యానాంలో ఫ్రెంచివాళ్ళు వదిలిపోయిన కాగితాలు గదుల నిండా ఉన్నాయనీ, వాటిని తెలుగు చేసేవాళ్ళకు మంచి ఉద్యోగాలిస్తారనీ ఎవరో చెప్పారు. ఎవరో చెప్పిన మాటకు నేను ఎప్పుడూ విలువిస్తాను. నాకై నాకు తోచేవి అంతకంటే అన్యాయంగా ఉంటాయి. ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఇప్పుడే చెప్పేస్తే మీరు దాని కోసం ఎదురుచూడకుండా ఉంటారు.

ప్రొద్దుటూరు బట్టల బజారు వెనక వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. చిన్న వయసులో పాండిచ్చేరి పోయి, అక్కడి వ్యాపారులతో ఓడెక్కి సైగాన్ చేరి, పన్నెండేండ్లు ఒక బట్టలంగట్లో గుడ్డలు చించి తిరిగొచ్చిన మనిషి. వచ్చినాకే పెండ్లి చేసుకున్నారు. పిల్లలు లేరు. నేను "అయ్యవారూ" అని పిలిస్తే మొదటిరోజు వెనక్కి తిరిగి చూశారు, ఇంకెవరైనా వచ్చారేమోనని. అంతకుముందు ఆయన ఎవరికీ ఏదీ నేర్పి ఎరగరు.

శనివారం కచేరీ కాగానే బస్సెక్కి వాళ్ళింటికి పోయేవాణ్ణి. సాయంత్రం పాఠం, రాత్రి అమ్మ పెట్టిన సంగటి, అరుగు మీద పడక. అయ్యవారి భార్యను నేను అమ్మా అనే పిలిచేవాణ్ణి. ఆదివారం తెల్లారగానే అయ్యవారు పెన్నకు స్నానానికి పోయేవారు. వచ్చేలోగా నేను నిన్నటి పాఠం ఒప్పజెప్పడానికి సిద్ధంగా ఉండాలి.

రెండో ఏడు చివర ఈ కాలం దగ్గరికొచ్చాం. "చేసి ఉండేవాణ్ణి, వచ్చి ఉండేవాణ్ణి" అనడానికి అక్కడ రెండు క్రియలు కాపురం చేయాలి. ముందు సాయం చేసే క్రియ, దాని వెనక పని చెప్పే క్రియ. మామూలు పనులకు "కలిగి ఉండు" అనే క్రియ సాయం వస్తుంది. రాసి ఉండేవాణ్ణి అంటే "జొరె ఎక్రి". రావడం, పోవడం, నిలిచిపోవడం లాంటివాటికి మాత్రం "ఉండు" అనే క్రియే రావాలి. ఉండిపోయేవాణ్ణి అంటే "జ సరె రెస్తె". పోయేవాడికి ఉండేవాడు సాయమేంది అయ్యవారూ అంటే, "అది వాళ్ళ ఆచారం, నీకేం నొప్పి?" అన్నారు. "అయి ఉంటే" అనే ముక్కలో మాత్రం ఈ కాలం వాడకూడదు, అక్కడ వేరే భూతకాలం రావాలి. నేను ఆ రెండు భూతాలను తారుమారు చేసినప్పుడల్లా ఆయన తన తొడ మీదే కొట్టుకునేవారు, పరాయి బిడ్డను కొట్టకూడదని.

ఇంకొకటి. వచ్చేది ఆడమనిషైతే పని చెప్పే క్రియ చివర ఒక అక్షరం ఎక్కువ రాయాలి. "రాస్తారు, పలకరు" అన్నారు అయ్యవారు. ఆ మాట చెప్పి చాలాసేపు గోడ వైపు చూశారు. నేను అక్షరం దిద్దుకుంటున్నాను.

ఆయన దగ్గర పుస్తకం లేదు. ఉదాహరణలు అప్పటికప్పుడు ఫ్రెంచిలో చెప్పేవారు, నేను రాసుకునేవాణ్ణి. వారమంతా జమ్మలమడుగులో నిఘంటువు ముందర పెట్టుకుని ఒక్కో వాక్యం కింద తెలుగు అర్థం రాసేవాణ్ణి. ఈ కాలంలో ఆయన ఉదాహరణలకు కరువు రాలేదు. అన్ని కాలాలకూ రెండో మూడో చెప్పిన మనిషి దీనికి నలభై చెప్పారు. అయ్యవారికి ఇప్పటికి బోధన అలవాటైందని సంతోషించాను. ప్రతి వాక్యానికీ బాగుంది బాగుంది అని తల ఊపాను. నాకు వాక్యంలో క్రియ తప్ప మనిషి కనపడలేదు.

మా కాలంలో గొంతెత్తనిదే చదువు కాదు. నోరు మూసుకుని చదివేవాణ్ణి పక్కింటివాళ్ళు కూడా నమ్మరు. ముందు మూలం, తర్వాత అర్థం, వీధి చివరికి వినపడాలి. చిన్నప్పుడు పద్యాలు అట్లనే నేర్చాను, ఎక్కాలు అట్లనే నేర్చాను. ఫ్రెంచిని మాత్రం వేరుగా చూస్తే అది నొచ్చుకోదా?

ఆ ఆదివారం అయ్యవారు పెన్నకు పోయారు. అమ్మ గడపలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. నేను అరుగు మీద ఊగుతూ మొదలుపెట్టాను. ఒక ఫ్రెంచి వాక్యం, దాని వెంట తెలుగు.

"అమ్మకు జబ్బుగా ఉందని తంతి రాకపోయి ఉంటే, నేను ఓడెక్కి ఉండేవాణ్ణి కాదు!"

"ఇంకొక్క ఏడు సైగాన్‌లో ఉండి ఉంటే, నా బిడ్డ నన్ను నాయనా అని పిలిచి ఉండేది!"

"నేను ఉత్తరం రాసి ఉంటే, తల్లీ బిడ్డా ఓడరేవుకు వచ్చి ఉండేవాళ్ళు!"

చేట చప్పుడు ఆగింది. మరీ కష్టమైన వాక్యమని దాన్నే ఇంకోసారి చదివాను, ఇంకొంచెం గట్టిగా.

"ఎవరప్పా ఆ బిడ్డ?" అంది అమ్మ.

"ఉదాహరణమ్మా."

"ఉదాహరణ ఎవరికి పుట్టిందప్పా?"

అప్పుడు చూసుకున్నాను నా నోట్సులోకి. ఓడ, తంతి, తల్లి, బిడ్డ, రేవు. నలభై వాక్యాలు నలభై దిక్కులకు పోలేదు. అన్నీ ఒకే ఇంటికి పోయాయి. నా చేతిరాతలో, నా తెలుగులో. అయినా వ్యాకరణం నన్ను కాపాడుతుందనుకున్నాను.

"అమ్మా, ఈ పాఠంలో ఉండేటివన్నీ జరగనివి. జరగనివాటికే ఈ కాలం వాడతారు."

"పిలిచి ఉండేది అంటే పిలవలేదు. అంతే గదా? వచ్చి ఉండేవాళ్ళు అంటే రాలేదు. మరి బిడ్డ?"

నేను నోట్సు మూశాను.

"జరగనివి అట్ల పెట్టు. జరిగిందేందో చెప్పు."

రెండేండ్లు చదివిన నాకు తట్టనిది ఆమెకు మూడు వాక్యాలకే తెలిసిపోయింది. ఆమె చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. వచ్చేటప్పుడు చేతిలో గుడ్డ మూట ఉంది. "పులివెందుల బస్సు ఎన్నింటికి?" అని నన్నే అడిగింది. నేనే చెప్పాను. అదీ నా తెలివి.

అయ్యవారు తడి పంచె భుజాన వేసుకుని వచ్చారు. ఖాళీ గడప చూశారు, చేట చూశారు, నన్ను చూశారు.

"ఏం చదివినావు?"

"మీరు చెప్పిందే."

"తెలుగులోనా?"

"అర్థం లేకుండా చదవగూడదు గదా అయ్యవారూ..."

ఆయన అరుగు అంచున కూలబడ్డారు. తిడతారనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. నెమ్మదిగా అన్నారు: "ఇరవై ఏండ్లు యాడా నోరు తెరవలా. ఫ్రెంచిలో చెప్పుకుంటే ఎవరికీ తగలదు గదా అనుకున్యా. నీకైతే తెలిసిపాయె అనుకున్యా. బాగుంది బాగుంది అని తల ఊపితివి. ఈ పిల్లోడు నన్ను అర్థం చేసుకున్యాడు అని శానా సంతోషపడితి."

ఆ తర్వాత ఆయన ఏమన్నారో నాకు గుర్తులేదు. నా చెవులు అక్కడే నిలిచిపోయాయి.

ఆ వారం కచేరీలో నేను రాసిన కాగితాలు ఎవరైనా చూసి ఉంటే నా ఉద్యోగం అప్పుడే పోయేది. ఆదివారం పొద్దున్నే పులివెందులకు పోయాను. ఏం చెప్పాలో తెలియదు. ఆమెను ఇంట్లోంచి లేపింది నా గొంతు, తిరిగి పిలవాల్సింది కూడా అదే కదా అనుకున్నాను. అక్కడ ఆమె అన్న ఇల్లు. వసారాలో చెనిక్కాయల కుప్ప ముందు అన్నాచెల్లెళ్ళు ఒలుస్తూ కూర్చున్నారు.

"వచ్చినాడమ్మా ఫ్రెంచి అప్ప!" అన్నాడు అన్న. "ఈసారి ఏ భాషలో కొంప ముంచుతావప్పా?"

"తప్పు నాది మామా. అయ్యవారు మంచిమనిషి. ఎప్పుడో జరిగింది, అమ్మ కోపం తగ్గించుకుని..."

"నాకెవరి మీద కోపమప్పా?" అంది ఆమె. తల ఎత్తలేదు. "మొగం చెల్లక వచ్చినా."

నాకు అర్థం కాలేదు. ఒలిచిన గింజలు చేటలో వేస్తూ ఆమె చెప్పింది.

"పెండ్లయిన అయిదో ఏడు మా అత్త ఈయప్పకు ఇంకో పిల్లను చూసింది. సంబంధం మాట్లాడేదానికి నలుగురొచ్చి కూర్చుండారు. అందరి ముందర ఈయప్ప లేచి, దోషం ఆమెలో లేదు, నాలో ఉంది, సైగాన్‌లో డాక్టరు చూసి చెప్పినాడు అనె. అంతే, వచ్చినోళ్ళు లేచిపాయిరి. ఆ పొద్దు నుంచి ఊరు నన్ను ఒక్క మాట అనలా. అన్నీ ఆయప్పనే అనిరి. బజార్లో నవ్విరి. నేను నమ్మినా."

అన్న ఒలవడం ఆపాడు. ఆ డాక్టరు మాట అబద్ధమని అతనికీ అప్పుడే తట్టిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"నమ్మి ఊరకుండినానా? పక్కింట్లో బిడ్డను తొట్లెలో వేసినప్పుడు పిలిస్తే పోయొచ్చి, నీలాంటోన్ని కట్టుకోని నా కడుపు ఎండిపాయె అంటి. అన్నం తింటాండాడు. ముద్ద చేతిలో పట్టుకోని, ఔ అనె."

నేను ఒక కాపురం కూల్చానని వారం రోజులు కుమిలిపోయి వచ్చాను. ఆ కాపురం లోపల ఏముందో ఇరవై ఏండ్లుగా అందులో ఉన్న ఆమెకే తెలియదు. దాన్ని మోసింది ఒక్క మనిషి. ఆ మనిషి తన బరువులో సగం దించుకోవడానికి వెతికి వెతికి నన్ను ఎంచుకున్నాడు.

"ఆ బిడ్డకు ఇప్పుడు ఎన్నేండ్లుంటాయప్పా?"

"ఇరవై దాటుంటాయమ్మా."

"పెండ్లీడు." ఆమె లేచి చీర దులుపుకుంది. పొట్టు ఎగిరి నా మీద పడింది. "అన్నా, మూట ఇట్లియ్యి. మధ్యాన్నం బస్సు పోతాది."

"ఏందమ్మే, వారానికేనా? ఆయన్నే రమ్మను. కాళ్ళు పట్టుకోని పిలుచుకపోనీ."

"ఎవరు ఎవరి కాళ్ళు పట్టుకోవాలనో నీకు తెలీదు, ఊరకుండు."

బస్సులో ఆమె ఆడవాళ్ళ పక్క కూర్చుంది, నేను ఒక సీటు వెనక. ముద్దనూరు దాకా కిటికీలోంచే చూసింది. బస్సు అక్కడ ఆగినప్పుడు వెనక్కి తిరిగింది.

"ఆ పాప పేరేంది?"

నోట్సంతా మనసులో తిరగేశాను. నలభై వాక్యాల్లో ఒక్కదానిలోనూ పేరు లేదు.

"తెలీదమ్మా. అయ్యవారు ఎప్పుడూ చెప్పలేదు."

"నువ్వు అడగలేదా?"

"లేదు."

ఆమె మూట ఒళ్ళోకి లాక్కుంది. తిట్టలేదు.

"నేను అడుగుతాలే," అంది.