చీమ మాస్టారి గృహప్రవేశాలు

మా చీమ మాస్టారికి ఒకటే జబ్బు. అట్టతో చేసిన జానెడు ఇంట్లోకైనా సరే, చెప్పులు విడవకుండా, ఇంటివాళ్ళు రమ్మనకుండా అడుగుపెట్టరు.

చీమ అన్నానని చిన్న మనిషి అనుకునేరు! ఆయన గుమ్మంలో నిలబడితే గదికి మబ్బు పట్టినట్టుండేది. భవనాల రూపకల్పన నేర్పే కాలేజీలో మొదటి ఏడాది పిల్లలకి ఆయన గురువు. పక్క గదిలో లెక్కలు చెప్పేవాణ్ణి నేను. రోజూ పొద్దున్నే ఆయన చెప్పులు బయట విడిచి, బల్ల ముందు మోకాళ్ళ మీద కూలబడి, బల్లకి చెంప ఆనించి, ఒక కన్ను మూసి, ఒక్కొక్క అట్ట ఇంటి ద్వారం దగ్గరా అడిగేవారు: "లోపలికి రావచ్చా?"

"రండి మాస్టారూ" అనాలి. అనేదాకా కదలరు. అన్నాక చీమంత అయిపోయి లోపల తిరిగేవారు.

"అబ్బా, దూలం కొట్టుకుందిరా!" అని సొంత నుదురు రుద్దుకునేవారు. మెట్లు నిటారుగా ఉంటే రుమాలు తీసి చెమట తుడుచుకునేవారు. ఒకడు అసలు ద్వారమే పెట్టలేదు.

"ఎటునుంచి రాను నాయనా?"

"పైన కన్నం ఉంది సార్."

"నేను చీమనిరా, కాకిని కాను!"

ఇంట్లోనూ ఇదే వరస. "అన్నం గిన్నె మూత తీసి, 'చోటు బాగుంది, కిటికీలే లేవు' అంటారన్నయ్యా! అక్కడ అన్నం చల్లారిపోతుంటే!" అని వాళ్ళావిడ నాతో మొరపెట్టుకునేది.

ఆ ఏడాది ఆయన పెట్టిన పరీక్ష ఇది: ఒకే అట్ట. కోయొచ్చు, మడవొచ్చు, కొత్త ముక్క అతికించకూడదు. లోపల నడవడానికి దారి, కూర్చోవడానికి చోటు ఉండాలి. క్లాసులో ఒక మూగనోము పిల్ల ఉండేది. పేరు అడిగినా, మాస్టారు "రావచ్చా?" అన్నా కాగితం మీద రాసి చూపించే రకం. ఆ పిల్ల చేసిన ఇల్లు బయటికి ఉత్త అట్టపెట్టెలా ఉండేది.

అదే కొంప ముంచింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరుగారు దాన్ని నిజంగానే పెట్టె అనుకుని, తన బరువైన సంచీ దాని మీద పెట్టేశారు. కరకరమంది. ఇల్లు నడుం వంగిపోయింది.

ఆయన మొహం కందిపోయింది. తప్పు తనదైతే కోపం ఎక్కువొస్తుంది కదా మనిషికి! "ఇందులో చూడ్డానికేముంది? సున్నా!" అన్నారు.

పిల్ల కత్తీ స్కేలూ సంచీలో సర్దుకుంది. ఈ చదువుకో దణ్ణం అన్నట్టు గుమ్మం వైపు నడిచింది.

ఆ గుమ్మంలోనే మాస్టారు చెప్పులు విడుస్తున్నారు. వచ్చి, మోకాళ్ళ మీద కూలబడి, చెంప ఆనించారు.

"అమ్మా, లోపలికి రావచ్చా?"

పిల్ల గుమ్మం దగ్గరే ఆగి వెనక్కి తిరిగింది.

"ఎంతసేపమ్మా వాకిట్లో నిలబెడతావు? ఎండ మాడ్చేస్తోంది!"

"ఇల్లు కూలిపోయింది కదా మాస్టారూ..."

"చీమకి ఇంత సందు చాలు తల్లీ."

"...రండి."

"ఇరుకు... ఇంకా ఇరుకు... అయ్యబాబోయ్, వెలుగు! ఎక్కణ్ణుంచమ్మా ఇంత వెలుగు?"

ఎగ్జామినరుగారికి ఆగలేదు. "ఏదీ?" అని వంగబోయారు.

"అయ్యా, బూట్లు!" అన్నారు మాస్టారు.

పాపం, లేసులు ముడిపడ్డాయి. తీరా విప్పితే మేజోడులోంచి బొటనవేలు తొంగిచూసింది. క్లాసంతా పైకప్పు వైపు చూసింది.

"ఎడమకి తిరగండి సార్," అంది పిల్ల. "తల వంచండి. అక్కడ కావాలనే ఇరుకు చేశాను. దాటాక గది పెద్దదిగా అనిపించాలని. వెనక గోడని మడిచి చీలిక పెట్టాను, వెలుగు అందులోంచి వస్తుంది." అలా చెప్తూనే ఉంది. ఏడాది మాటలన్నీ ఒకేసారి వచ్చేశాయి.

పక్కపక్కనే రెండు పెద్ద వీపులు, బల్ల కింద నాలుగు అరికాళ్ళు. గొడవ విని పక్క గదిలోంచి వచ్చి వెనక నిలబడ్డానేమో, ఆ భాగ్యం దేవుడు నాకే చూపించాడు. సున్నా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పిల్ల గట్టెక్కింది.

మిగతావాళ్ళు వెళ్ళాక, పిల్ల అవతల తన సామాను సర్దుకుంటుంటే, మెల్లగా అడిగాను, "నిజంగా కనిపించిందా మాస్టారూ?"

"చిమ్మచీకటి! రోజూ వెళ్ళొచ్చే ఇల్లే కదా, దారి గుర్తుంది."

"మరి మళ్ళీ అనుమతి దేనికండీ?"

"భలేవారే! 'రండి' అనాలంటే నోరు తెరవాలిగా. మొదటి మాట రావడమే కష్టం, తర్వాతవి వాటంతట అవే వస్తాయి."

అప్పటికీ ఆయన నేలమీదే ఉన్నారు. నేనో చెయ్యి, పిల్లో చెయ్యి పట్టి లాగినా లేవలేదు.

"అమ్మా, ఒక్క సాయం చేసిపెట్టు," అన్నారు ఆ పిల్లతో. "వచ్చేసారి గుమ్మం పక్కన చిన్న అరుగు కట్టు. ఈ చీమకి మోకాళ్ళ నొప్పులు."