పడవ దగ్గర ఆగిపోయిన పాఠం

మా ఇంగ్లీషు టీచర్ గారు పోయారు. రిటైరయ్యాక బాపట్లలో చెల్లెలి దగ్గరే ఉండేవారు, ఆ చెల్లెలే ఫోన్ చేసి చెప్పింది. నా నోటి నుంచి ముందు వచ్చిన మాట, "అదేంటండీ, వేసవికి మా ఊరు వస్తానన్నారుగా!" అని. ఆవిడ మాత్రం ఏమంటుంది, పాపం? "నీ పడవ సంగతి చెబుతూనే ఉండేదమ్మా" అని ఏడ్చేసింది.

నిజాంపట్నంలో మా బడికి టీచర్ గారు తెనాలి నుంచి వచ్చేవారు. రేపల్లె దాకా రైలు, అక్కణ్ణుంచి బస్సు. దిగేసరికి చీర నలిగిపోయి ఉండేది, గొంతు మాత్రం ఖంగుమనేది. మేమంతా సముద్రం మీద చేపల వేటకెళ్లేవాళ్ల పిల్లలం. ఇన్, ఆన్, ఎట్ మూడూ మాకు ఒకటే, ఏది నోటికొస్తే అది తగిలించేవాళ్లం. ఆవిడ తిట్టేవారు కాదు, లేపి నడిపించేవారు. బల్ల ఎక్కించి "ఆన్ ద టేబుల్" అనిపించేవారు. గుమ్మం దగ్గర నిలబెట్టి "ఎట్ ద డోర్", లోపలికి లాగి "ఇన్ ద రూమ్". పక్క క్లాసు సారు విసుక్కున్నా వినిపించుకునేవారు కాదు. "నిలబడి చూడని చోటు గురించి మాట్లాడకూడదర్రా" అనేవారు.

రోజులకీ వేళలకీ కూడా ఆవిడకో లెక్క ఉండేది. "ఇన్ సమ్మర్ అంటే ఎప్పుడో ఒకప్పుడు. ఆన్ మండే అన్నావో, మాట ఇచ్చేసినట్టే. ఇక తప్పించుకోకూడదు" అనేవారు. ఇప్పుడు తెనాలిలో నా దగ్గర చదువుకునే పిల్లలకి నేనూ ఇదే చెబుతున్నాను. నా సొంత తెలివి అనుకుంటారు వాళ్లు.

ఒకరోజు ఖాళీలు పూరించే వాక్యాల్లో పడవ వచ్చింది. "మా నాన్న బోటుకి ఏది పెట్టాలి టీచర్?" అని అడిగాను. చిన్న పడవకి ఇన్, పైన నడవగలిగే పెద్ద బోటుకి ఆన్. ఇది ఆవిడకి తెలియక కాదు. "నేనింతవరకు ఏ పడవా ఎక్కలేదే! ఎక్కాకే చెబుతా" అన్నారు. బడి వదలగానే మమ్మల్ని వెంటబెట్టుకుని హార్బరుకి వచ్చేశారు. జెట్టీ మీద చెప్పులు విడిచారు. కొంగు నడుముకి దోపి, బోటుకి వేసిన చెక్క మీద కాలు పెట్టబోయారు.

మా నాన్న పరుగున వచ్చాడు.

"టీచరమ్మ గారూ, ఏమనుకోకండి. వేట బోటు ఆడవాళ్లు ఎక్కరండి మాలో."

"వేటకి రానండీ బాబూ! ఇలా ఎక్కి అలా దిగిపోతా."

"ఎల్లుండి వల ఖాళీగా వస్తే ఊరంతా మిమ్మల్నే అంటారండి. మా పిల్లలకి చదువు చెప్పే మనిషిని ఆ మాట అననివ్వలేనండి నేను."

టీచర్ గారు కాసేపు బోటు వైపే చూశారు. తర్వాత చెప్పులు వేసుకుని, "మీ బోటు, మీ మాట" అన్నారు. ఆ మాటలో కోపం లేదు. బస్సు దాకా మాకంటే ముందు నడిచారు, అంతే. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అది నాన్న మీదో, చేపల మీదో, ఇప్పటికీ చెప్పలేను. ఆ బోటు నేనూ ఎక్కలేదు మరి.

మర్నాడు ఆ ఒక్క వాక్యం వదిలేసి పాఠం ముందుకి నడిపారు. మా తర్వాత వచ్చిన పిల్లలకీ అంతేనట. ఆ ఖాళీ ఖాళీగానే ఉండేదట.

ఏళ్లు గడిచాయి. తమ్ముడు పెద్ద బోటు కొన్నాడు. నాన్న వేట మానేశాడు. ఏం తోచిందో ఏమో, నిరుడు తనే అన్నాడు: "టీచరమ్మ గార్ని ఒకసారి తీసుకురామ్మా. ఎక్కిద్దాం." నేను ఎగిరి గంతేసి బాపట్ల వెళ్లాను. మంచం మీద మోకాళ్లకి నూనె రాసుకుంటున్న మనిషి నా మాట వినగానే చిన్నపిల్లలా నవ్వారు. "ఈ నొప్పులు కాస్త తగ్గనీవే. ఇన్ సమ్మర్."

"కుదరదు టీచర్. ఆన్‌తో చెప్పండి."

"అమ్మో, నా పాఠం నాకేనా!" అన్నారు గానీ, రోజు మాత్రం చెప్పలేదు. నేనూ ఒత్తిడి చేయలేదు, నొప్పులతో ఉన్న మనిషి కదా అని. తర్వాత రెండు మూడుసార్లు ఫోన్ చేస్తే మళ్లీ అదే మాట, అదే నవ్వు.

బాపట్లలో ఆవిడని సాగనంపి, నాన్నా నేనూ నేరుగా నిజాంపట్నం వచ్చాం. బస్సులో నాన్న అన్నాడు: "ఆ రోజే ఎక్కించాల్సిందమ్మా. చేపలు పడకపోతే పడకపోయేవి."

ఇంటికి పోకుండా హార్బరుకి నడిచాడు. తమ్ముడి బోటుకి చెక్క తనే వేసి, "నువ్వన్నా ఎక్కు" అన్నాడు. జెట్టీ మీద చెప్పులు విడిచి ఎక్కాను. కాళ్ల కింద బోటు మెల్లగా ఊగుతోంది. ఇలా ఉంటుందని చెప్పడానికి ఇక ఎవరున్నారని ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుని వెనక్కి చూస్తే, నాన్న అక్కడే నిలబడి ఉన్నాడు. ఇంకా ఎవరో ఎక్కాల్సి ఉన్నట్టు, చెక్క కదలకుండా కాలితో తొక్కిపట్టి.