గారాబం చేసిన ఇంజను

"ఆ పొగ మా పాప ఊపిరితిత్తుల్లోకి పోతే ఎవరండీ జవాబు చెప్పేది?"

మెట్లు దిగుతూ ఈ వాక్యాన్ని నాలుగుసార్లు వల్లె వేసుకున్నాను. మేం అద్దెకు దిగిన గదుల కింద లారీల షెడ్డు ఉందని తెలుసు గానీ, మా పడకగది కిటికీకి సరిగ్గా కింద ఒక సైలెన్సరు గొట్టం ఉంటుందని తెలియదు. నేను రసాయనశాస్త్రం చదివినవాణ్ణి. మసి రేణువు ఎంత చిన్నదైతే అంత లోతుకు పోతుంది. ఇలాంటివి తెలిసినవాడికి నిద్ర పట్టదు. తొమ్మిది నెలల పాపను గుడ్డతో ఛాతీకి కట్టుకుని షెడ్డులోకి నడిచాను. పాపను అలా కట్టుకునే తిరుగుతాను. నేల మీద వదలమని డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. నేల మీద ఏముంటాయో ఆవిడకి తెలియదా అనుకున్నాను.

షెడ్డులో తెల్లచొక్కా వేసుకున్న పెద్దాయన ఒకడు, నడుస్తున్న లారీ ఇంజనుకు పొడుగాటి స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడికి చెవి పెట్టి కళ్ళు మూసుకుని ఉన్నాడు. నేను నోరు తెరవబోతే వేలెత్తి ఆగమన్నాడు. కాసేపటికి ఇంజను ఆపించి నావైపు తిరిగాడు.

"చెప్పు నాన్నా."

వల్లె వేసిన వాక్యం అప్పజెప్పాను. ఆయన పాపను చూశాడు, కిటికీని చూశాడు.

"నిజమే. తప్పు మాది," అని లారీని అటు తిప్పించి, గొట్టం వీధివైపు ఉండేలా నిలబెట్టించాడు. పోట్లాడదామని వచ్చినవాడికి ఇంతకంటే ఇబ్బంది ఉండదు. ఏం చేయాలో తోచక అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. తర్వాత రోజూ కూర్చున్నాను.

అందరూ ఆయన్ని చెవి మేస్త్రి అంటారు. నలభై ఏళ్ళ షెడ్డు మోతకి ఎడమ చెవి పోయింది. మిగిలిన కుడి చెవితోనే ఏ ఇంజను రోగమైనా పట్టేస్తాడు. తెల్లచొక్కా ఎందుకని అడిగితే, "మరక ఎక్కణ్ణుంచి పడిందో తెలియద్దూ?" అన్నాడు. చెవి చెప్పనిది గుడ్డ చెప్తుందంటాడు. తెల్లగుడ్డ ఒకటి పొగగొట్టానికి నిమిషం సేపు అడ్డం పట్టి, పడిన మరక చూసి, తేదీ వేసి గోడకి తగిలిస్తాడు. నేను కాలేజీలో వడపోత కాగితంతో చేసిన ప్రయోగం ఆయన దిండు గలీబు ముక్కతో చేస్తున్నాడు. షెడ్డు గోడ నిండా గలీబులే.

ఆ లారీ ఆయన బావమరిదిది. కంకర తోలుకుని బతికే మనిషి, ఆ బండి తప్ప వేరే ఆధారం లేదు. ఇంజను బోరుకొచ్చింది, లోపలంతా అరిగి నూనె తాగేస్తోంది. సరిగ్గా అప్పుడే పొగ నిబంధనలు బిగించారు. ఇరవై రెండు పేజీల ఉత్తర్వు నా చేతిలో పెట్టి, "చదువుకున్నవాడివి, దీన్ని మనుషుల భాషలోకి దించు," అన్నాడు మేస్త్రి.

దించాను. పాత లారీకి కొత్త ఇంజనైనా పెట్టాలి, ఉన్నదాన్నయినా కంపెనీ కొలతలకి తిరగ్గట్టాలి. పొగ చిక్కదనం యాభై దాటకూడదు. పరీక్షకి రెండు అవకాశాలు. రెండోదీ తప్పితే బండి తుక్కుకి పోవాల్సిందే.

"కొత్త ఇంజనే పెట్టేద్దాం బావా," అన్నాడు బావమరిది.

"కొత్త రకం ఇంజనుకి బోలెడు సరంజామా ఉంటుందిరా. అదంతా పట్టాలంటే నీ సీటు పీకాలి. నిలబడి తోల్తావా?"

"మా అక్కని నీకిచ్చింది ఎందుకనుకున్నావ్? ఇలాంటప్పుడు అక్కరకొస్తావనే."

"మీ అక్కనిచ్చాకే నాకీ ఎడమ చెవి పోయింది."

పన్నెండు రోజులు పట్టింది. ఇంజను దింపి, లైనర్లు, పిస్టన్లు, రింగులు కొత్తవి వేశాడు. డీజిలు పంపుని కొలత పెట్టించి సీలు వేయించాడు. లారీ మెత్తగా గుర్రుమంటూ వెళ్ళిపోయింది. పరీక్షలోగా బాగా తిప్పమని మాత్రం చెప్పాడు. ఎలా తిప్పాలో వేరే చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా లారీ తోలేవాడికి అదీ చెప్పాలా అనుకున్నాడట.

మూడు వారాలకి మొదటి పరీక్ష అయింది. డెబ్భై ఒకటి వచ్చింది.

బావమరిది షెడ్డుకొచ్చి నా స్టూలు మీద కూర్చున్నాడు. నాకు జాలేసింది. పొగంటే కాలని డీజిలే కదా, పంపులో కాస్త తగ్గిస్తే చాలని కాగితం మీద లెక్క వేసి చూపించాను.

"లెక్క బాగుంది," అన్నాడు మేస్త్రి. "పంపు సీలు ముట్టుకుంటే బండి రద్దని ఏడో పేజీలో ఉందన్నావు. మరి అది చదివిందెవరు?"

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆయన ఇంజను నడిపించి గొట్టానికి గుడ్డ పట్టాడు. మరక పొడిగా నల్లగా లేదు. జిడ్డుగా, అంచున పచ్చగా ఉంది.

"డీజిలు కాదు, నూనె. ఏరా, బండి తీసుకెళ్ళాక ఏం చేశావ్?"

"ఏం చేస్తాను? జాగ్రత్తగా చూసుకున్నా."

"ఎంత జాగ్రత్తగా?"

"పొద్దున్నే గంటన్నర ఊరికే ఆన్ చేసి ఉంచేవాణ్ణి, వేడెక్కుద్దని. తర్వాత ఖాళీ బండే నెమ్మదిగా రెండు వీధులు తిప్పేవాణ్ణి."

"కంకర?"

"కొత్త ఇంజను కదా బావా, బరువెలా వేస్తాను? పసిబిడ్డలా చూసుకున్నా."

మేస్త్రి ఆ మాటకి తిట్టలేదు. నాకు అర్థమయ్యేలా చెప్పాడు. పిస్టను చుట్టూ వేసిన కొత్త రింగులు సిలిండరు గోడకి ఒరుసుకుని అమరాలి. అంత ఒత్తిడి బరువు లాగితేనే వస్తుంది. ఖాళీగా తిప్పితే గోడ అద్దంలా నున్నబడి, రింగులు జారిపోయి, నూనె పైకెక్కి పొగైపోతుంది. చెప్తూ చెప్తూ ఆయన నా ఛాతీకున్న మూటకేసి చూశాడు. నేను పాప గుడ్డ సర్దుకున్నాను.

రెండో పరీక్షకి ఎనిమిది రోజులుంది. మళ్ళీ విప్పి కట్టడానికి ఆ వ్యవధి చాలదు. మిగిలింది ఒకటే దారి. తొలిరోజు సగం కంకర, తర్వాత నిండు కంకర వేసి గుట్ట ఎక్కించడం. మూడోరోజు పాపను మా ఆవిడకి అప్పగించి మేస్త్రితో పాటు నేనూ లారీ ఎక్కాను. ఎత్తు మొదలయ్యేసరికి ఇంజను మూలిగింది. బావమరిది కాలు వదులు చేశాడు.

"పాపం బావా, చూడు ఎలా మూలుగుతోందో."

"అది మూలుగు కాదురా, పని చేస్తున్న చప్పుడు. తొక్కు."

గుట్ట పైన ఆపించి మేస్త్రి స్క్రూడ్రైవరు పెట్టి విన్నాడు. గుడ్డ పట్టాడు. తొలిరోజు గుడ్డ మీద జిడ్డు చుక్క ఉంది. నాలుగోరోజుకి అది ఎండిన మరకయింది. ఏడోరోజు గుడ్డ మీద మరక ఎక్కడుందో వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

రెండో పరీక్షలో ముప్పై నాలుగు. ఆ అంకెని బావమరిది పరీక్షించినవాడితో మూడుసార్లు చెప్పించుకున్నాడు. తిరిగొస్తూ అక్క కోసం అరడజను కొత్త దిండు గలీబులు కొని, "ఇవి కూడా గోడకెక్కితే అక్క ఊరుకోదు," అంటూ మేస్త్రి చేతిలో పెట్టాడు.

ఆ సాయంత్రం డాక్టరమ్మ మాట మేస్త్రికి చెప్పాను. నేలంటే నాకు భయమనీ, పాప పడితే తల తగులుతుందనీ చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు.

"నేల తుడిచావా?"

"రెండుసార్లు."

"ఇంకేం, దింపు. తన బరువు తను మోసుకోనీ. నువ్వు పక్కనే కూర్చో, ఎక్కడికీ పోకు. చెయ్యి మాత్రం తీసెయ్, చెవి ఉంచు. చప్పుడు మారితే నీకే తెలుస్తుంది."

ఇది రాస్తుంటే పాప మంచం కాలు పట్టుకుని లేవబోతూ మూలుగుతోంది. చెయ్యి తీసేశాను. చెవి ఉంచాను.