పుంగనూరు ల్యాప్‌టాప్‌లో కెమెరా

మదనపల్లెలో కంప్యూటర్లు బాగుచేసే అంగడి పెట్టుకున్న రోజులవి. రెండువేల తొమ్మిదో పదో, సరిగా గుర్తు లేదు. ల్యాప్‌టాప్ తెర మీదే కెమెరా ఉండడం మా వైపు అప్పటికింకా కొత్త.

ఒకరోజు పుంగనూరు నుంచి ఒక బట్టల వ్యాపారి ల్యాప్‌టాప్ తీసుకుని, కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ అమ్మాయికి ఇరవై ఏళ్లుంటాయి. పుట్టినప్పటి నుంచి వినపడదు, మాట రాదు. కలిసి చదువుకున్న స్నేహితురాలు కుప్పంలో ఉంది, ఆమెకూ అంతే. ఇద్దరూ రోజూ మధ్యాహ్నం కెమెరా ముందు కూర్చుని చేతులతో మాట్లాడుకుంటారు. వారం నుంచి ఈ అమ్మాయి బొమ్మ అవతలికి పోవడం లేదు.

"దానికి ఫోను పనికిరాదు గదప్పా. ఉండేది ఇదొకటే. వారంగా అన్నం గూడా సరిగా తినలే," అన్నాడు తండ్రి.

తెరిచి చూస్తే, తగిలించిన పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్‌లో రెండు కెమెరాలు కనిపించాయి. ఇంట్లో పాత కంప్యూటర్‌కు వాడిన విడి కెమెరాను ఎప్పుడో దీనికీ తగిలించి చూశారట. చాటింగ్ ప్రోగ్రాం ఇప్పుడు లేని ఆ కెమెరా కోసమే వెతుక్కుంటోంది. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఆన్ చేశాను. మా ముగ్గురి ముఖాలూ తెర మీదికి వచ్చాయి. ఆ అమ్మాయి ఏదో చీటీ రాసి నా వైపు జరిపింది. పని అయిపోయిందన్న ధీమాలో చదవకుండానే తలూపి పక్కన పెట్టాను.

మరునాడు మళ్లీ వచ్చారు.

"ఈడ బాగనే వచ్చిందప్పా. ఇంటికి పోయి సూస్తే మళ్లీ నల్లగానే ఉండాది," అన్నాడాయన.

అమ్మాయి నా బల్ల మీద నిన్నటి చీటీ వెతికి తీసి ముందు పెట్టింది. 'నెట్ స్టిక్ పెడితే కెమెరా పోతుంది' అని ఉంది. వాళ్లింట్లో నెట్ యూఎస్‌బీకి గుచ్చే స్టిక్‌తో వస్తుంది. నేను అంగడిలోని కేబుల్ నెట్‌తో చూసి పంపించేశాను. సిగ్గేసింది. కంప్యూటర్ వాడేది ఆమె అయితే, నేను అడిగిందంతా తండ్రిని.

ఆ తరువాత ప్రశ్నలన్నీ కాగితం మీద ఆమెనే అడిగాను. స్టిక్ ఏ వైపు పెడతావు? ఎడమ. మౌస్? అదీ ఎడమే, వారం కిందట కొత్తగా కొన్నది. స్టిక్ గుచ్చి చూస్తే ఆమె రాసినట్టే కెమెరా దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది. ల్యాప్‌టాప్ లోపల ఎడమవైపు పోర్టులూ కెమెరా కూడా ఒకే దారి పంచుకుంటున్నాయి, అన్నీ తగిలిస్తే కెమెరాకు చాలడం లేదు. స్టిక్‌ను కుడివైపుకు మార్చాను. కరెంటు ఆదాకని యూఎస్‌బీని ఆపేసే సెట్టింగ్ తీసేశాను. ఈసారి ఆమె చేతనే నాలుగుసార్లు ఆపి ఆన్ చేయించాను. కెమెరా నిలిచింది.

తండ్రి కుప్పం వాళ్లింటికి ఫోన్ చేసి చెప్పాడు. కాసేపటికి స్నేహితురాలు తెర మీదికి వచ్చింది. బొమ్మ ఆగి ఆగి వస్తోంది. ఒకరి చేతులు మధ్యలో ఆగిపోతే రెండోవాళ్లు మళ్లీ చెప్పమని సైగ చేస్తున్నారు.

"ఏం మాట్లాడుకుంటాండారు?" అని తండ్రిని అడిగాను.

"నాకు సగమే తెలుస్తాదప్పా. మిగిలింది వాళ్లకే తెలుసు."

ఈలోగా రిపేరుకని ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. బల్ల ఖాళీ లేదు, కూర్చోమని కుర్చీలు వేశాను. ఆ అమ్మాయిల మాటలు అయ్యేదాకా అరగంట కూర్చున్నారు.