వాననీళ్ల తొట్టి

ఆయన్ని చేపల డాక్టరని మొట్టమొదట పిలిచింది వాళ్లావిడే. ఎగతాళికే లెండి. ఆయన చదువు పదో తరగతి దగ్గరే చతికిలబడింది, చేసేది కాలేజీ వెనకాల చేపల గదిలో తొట్లు కడిగే పని. గాలి గొట్టాలు బుడగలు వదులుతున్నాయో లేదో చూసుకోవడం, అడుగున పేరుకున్న మురికి లాగెయ్యడం, చచ్చినవాటిని తీసి పక్కన పెట్టడం, అంతే. కానీ ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటూనే మొదలెట్టేవాడు, కిటికీ పక్క తొట్టిలో దానికి ఆకలి మందగించిందనీ, ఇంకోదానికి పొలుసు లేచిందనీ. ఆవిడ పొయ్యి దగ్గర నుంచే, "అయ్యో పాపం! మరి మందేం రాశారు డాక్టరుగారూ?" అనేది. అది పక్కింటివాళ్ల చెవిన పడి వీధంతా ఆ పేరే ఖాయమైపోయింది. ఆయన పైకి విసుక్కున్నా లోపల మురిసిపోయేవాడు. మనిషన్నాక ఆమాత్రం ఉండదూ?

ఆ గదిలో పెద్ద మేడమ్ చేసే పరిశోధనంతా సున్నం గురించే. మందుల షాపులో కాల్షియం అంటారే, అదే. మనకి తింటేగానీ అది ఒంటికి పట్టదు. మంచినీళ్ల చేపకి ఆ బాధ లేదు, కావలసిందాంట్లో చాలావరకు చుట్టూ ఉన్న నీళ్లలోంచే మొప్పలతో లాగేసుకుంటుంది. మరి నీళ్లు చుట్టూతా ఉన్నాయి కదా అని లాగుతూనే ఉంటే? అందుకని దాని మూత్రపిండాన్ని అంటుకుని నూకల్లాంటి తెల్ల గింజలు రెండు ఉంటాయి. రక్తంలో సున్నం ఎక్కువైతే అవి మొప్పలకి కబురంపుతాయి, ఇక చాలు, తలుపులు మూసుకోండని.

మేడమ్ కొన్ని చేపలకి మత్తిచ్చి ఆ గింజలు తీసేసేది. ఆ సేపంతా చేపని తడిగుడ్డలో పట్టుకుని మొప్పల మీద నీళ్లు జారవిడిచే పని ఈయనది. ఆయన చేయి వణకదని మేడమ్‌కి గొప్ప నమ్మకం. గింజలు పోయిన చేపకి చాలు అని చెప్పే దిక్కుండదు. మామూలు నీళ్లలో వదిలితే రక్తం నిండా సున్నం చేరుతుంది, కొన్నిటికి మూత్రపిండాల్లో రాళ్లు కూడా కడతాయి. చచ్చినదాన్ని కోసినప్పుడు కత్తికి ఇసకలా గరగరమని తగలడం ఆయన స్వయంగా చూశాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం సరిగ్గా తినలేదు.

గది చివర మాత్రం ఒక తొట్టిలో డాబా మీంచి పట్టిన వాననీళ్లు ఉండేవి. వాటిలో సున్నం నామమాత్రం. లాగుదామన్నా ఏముంటుంది గనక? తోక చివర చిరిగిన బంగారు చేప ఒకటి గింజలు తీసేశాక అడుగున పడి కదలకుండా ఉంటే, మేడమ్ దాన్ని ఆ తొట్టిలోకి మార్చమంది. కొన్నాళ్లకి అది తేరుకుని మేత కోసం పైకొచ్చి ఆయన వేలు చుట్టూ తిరిగింది. ఆ సంబరం చూడాలి! సైకిలు గుమ్మంలో పడేసి, "బతికిందే! నా చేత్తో మార్చానే, బతికింది!" అని అరిచాడు. "హమ్మయ్య, ఇక ఊపిరి పీల్చుకోండి," అని ఆవిడ మంచినీళ్లందించింది.

ఇదంతా ఇలా ఉండగా ఆవిడకి మెడ మీద గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీసేశారు. గండం గడిచిందనుకుంటే, గడ్డతోపాటు దాని వెనక అతుక్కున్న చిన్న చిన్న గ్రంథులు కూడా పోయాయని చెప్పారు. ఇక బతికున్నన్నాళ్లూ కాల్షియం బిళ్లలు మింగాలి, ఒక్క పూట కూడా మానొద్దు అన్నారు. ఆవిడ వాటికి సుద్దముక్కలని పేరెట్టింది. "పలక మీద రాసుకోవాల్సినవి నాతో మింగిస్తున్నారు, ఈ వయసులో నాకు చదువబ్బుతుందంటారా?" అని ఆస్పత్రిలో నర్సుని కూడా నవ్వించింది.

రెండేళ్లు బాగానే నెట్టుకొచ్చారు. తర్వాత ఆవిడకి నడుం పక్కన పోటు మొదలైంది. స్కానింగ్ తీసిన డాక్టరు, మూత్రపిండంలో చిన్న రాయి ఉంది, నీళ్లు బాగా తాగండి, రక్తపరీక్ష చేయించుకు రండి, అప్పుడు బిళ్లల సంగతి చూద్దాం అన్నాడు. పరీక్షకి తీసుకెళ్తానన్నది కూతురు. బట్టల షాపులో పని చేస్తుంది, నాలుగు వీధుల అవతలే కాపురం. ఆ వారం షాపులో సెలవు దొరకలేదు. వచ్చే వారం వెళ్దాంలే అమ్మా, అంది.

రాయి అన్న మాట చెవిన పడగానే ఈయనకి కత్తి కింద గరగరలాడిన చప్పుడు మళ్లీ వినిపించింది. గింజలు పోయాయి, సున్నం చేరింది, రాయి కట్టింది! ఇందులో ఆయనకి తెలియనిదేముంది? తన కళ్లముందు రోజూ జరిగేదే. వాననీళ్లలోకి మారిస్తే తేరుకున్న చేప ఎదురుగా ఈదుతూనే ఉంది. భార్యని తొట్టిలోకి మార్చలేడు కాబట్టి బిళ్లలు తగ్గించాడు. గోళ్లు తీసుకునే చిన్న కత్తితో ఒక్కోదాన్నీ సగానికి విరిచి డబ్బాలో పోశాడు, పాలు కూడా మాన్పించాడు.

"డాక్టరు మానొద్దన్నాడు కదండీ," అందావిడ.

"మానడం ఎక్కడే? తగ్గిస్తున్నాం. నేను చూశానుగా, నువ్వు ఊరుకో. నీ రాయి కరిగిపోకపోతే అప్పుడడుగు."

ఆవిడ ఆయన మొహంలోకి ఓసారి చూసి, ఆ సగం ముక్క నోట్లో వేసుకుంది.

మూతి చుట్టూ చీమలు పాకినట్టుందని చెప్పింది. వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయంది. ఒంట్లో ఎక్కువైంది దిగిపోతోందిలే, అదే గుణం అన్నాడు. వద్దు తల్లీ, ఆ మాట నమ్మొద్దు అని చెప్పేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేకపోయారు.

పరీక్షకి ఇంకా వెళ్లకముందే, ఒక ఉదయం ఆయన పనికి బయల్దేరుతుంటే, ఆవిడ నూనె సీసా మూత తియ్యబోయి, "ఏమండీ, చెయ్యి చూడండి," అంది. వేళ్లన్నీ దగ్గరికి ముడుచుకుపోయి, మణికట్టు లోపలికి వంగిపోయి ఉంది. ఆయన సాగదీయబోయాడు, రాలేదు. నూనె వేడిచేసి మర్దన మొదలుపెట్టాడు. అంతలో ఆవిడ గొంతు పట్టేసింది. ఊపిరి లోపలికి పోతుంటే ఈల వేసినట్టు చప్పుడు. ఒళ్లంతా కొట్టుకుంది. పక్కింటాయన ఆటో తెచ్చేసరికి ఆవిడ ఈయన ఒళ్లో ఊపిరితోనే ఉంది గానీ, ఆస్పత్రికి చేరేసరికి మనిషి లేదు.

పనిలోకి తిరిగి వెళ్లిన రోజు, గాలి గొట్టం సరిచేస్తూ అడిగాడు. "మేడమ్, ఈ తెల్ల గింజలు మనుషులకీ ఉంటాయా?"

"ఉండవు. మనకి మెడలో వేరే గ్రంథులుంటాయి. వాటి పని దీనికి సరిగ్గా తలకిందులు," అందామె. "చేపకున్నవి చాలు అంటాయి. మనవి చాలదు, ఇంకా తెమ్మంటాయి. అవి పోతే రక్తంలో కాల్షియం పడిపోతుంది. బయట నుంచి ఇవ్వాల్సిందే. ఏం, ఎందుకడిగారు?"

"ఊరికే మేడమ్."

వాననీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లాడు. తోక చిరిగిన చేప అలవాటుగా పైకొచ్చింది. ఆయన మేత వెయ్యలేకపోయాడు. ఆ పూట దానికి మేత మేడమే వేసింది.

కూతురు ప్రతి ఆదివారం వచ్చి తండ్రికి వండిపెట్టి వెళ్లేది. వచ్చినప్పుడల్లా ఒకటే ఏడుపు, "నా వల్లే నాన్నా, ఆ వారమే పరీక్షకి తీసుకెళ్లుంటే అమ్మ ఉండేది," అని. ఆయన తల నిమిరేవాడు. నీ వల్ల కాదమ్మా అనేవాడు. మరి ఎవరి వల్లో చెప్పడానికి మాత్రం నోరు పెగిలేది కాదు. కన్నకూతురు తనమీద వేసుకుని ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాడు చూడండి, ఎంత పిరికితనం! చెబితే ఈ ఆదివారాలు కూడా ఉండవేమోనన్న భయం ఆయనది.

ఒక ఆదివారం ఆమె వంటింటి అర సర్దుతూ డబ్బా కిందికి దింపింది. మూత తీసి చూసింది. లోపల అన్నీ సగం ముక్కలే. ఇక ఆయన ఆగలేకపోయాడు.

"నేనే విరిచానమ్మా. చేపకి బాగైంది కదా, మీ అమ్మకీ అవుతుందనుకున్నాను. చేతులు తిమ్మిరంటే గుణమే అన్నాను. నీ తప్పు ఆవగింజంత కూడా లేదు. మీ అమ్మని నేనే పోగొట్టుకున్నాను."

కూతురు డబ్బా గట్టు మీద పెట్టింది.

"నాకు తెలుసు నాన్నా."

ఆయనకి అర్థం కాలేదు.

"అమ్మ ఫోన్ చేసింది. మీ నాన్న నాకు వైద్యం మొదలెట్టాడే, సగం బిళ్లే వేస్తున్నాడు, ఆ మొహం చూడాలి ఎలా వెలిగిపోతోందో, పరీక్షయ్యేదాకా సాగనీ, నువ్వేం అనకు అంది. నేనూ నవ్వాను నాన్నా. మనకి డాక్టరు ఇంట్లోనే ఉండగా ఇంకేం కావాలే అమ్మా, అన్నాను. ఫోన్ పెట్టేసి షాపుకి వెళ్లిపోయాను."

ఆయన పీట మీద కూలబడ్డాడు. ఆమె వచ్చి పక్కనే నేల మీద కూర్చుంది. పొయ్యి మీద అన్నం ఉడుకు పట్టి గిన్నె మూత ఎగిరెగిరి పడుతోంది, ఇద్దరిలో ఎవరూ లేవలేదు.

అంతలో గుమ్మం అవతల నుంచి పక్కింటాయన ఎప్పటిలాగే కేకేశాడు. "ఏం డాక్టరుగారూ, భోజనాలయ్యాయా?"

ఆయన చేతులు రెండూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఆ పేరుతో పిలవొద్దని చెప్పిరా తల్లీ," అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని, చెప్పి రావడానికి లేచింది.